వేలు విడిచిన చుట్టం

పారిస్ నుంచి పెట్టె వచ్చింది.
ఓడలో నెలన్నర, నూమియా గోదాములో మూడు వారాలు,
ఆపైన నికెల్ గనుల ఎర్రదుమ్ము కొట్టుకున్న బస్సు నెత్తిమీద
మా కొండ కిందికి.
మూతమీద అచ్చు: చెట్లు, మొక్కలు, పరిణామం,
ఉపాధ్యాయుల సామగ్రి.

విప్పితే
ప్లాస్టిక్ తొడుక్కున్న ఆకులు ముప్పై ఆరు.
ఓక్. బర్చ్. చెస్ట్‌నట్.
మా పిల్లల్లో ఒక్కరికీ పరిచయం లేని పెద్దమనుషులు.
అక్టోబరు రాగానే ఎర్రబడి
ఒంటిమీదవన్నీ విప్పేస్తారట.
"సిగ్గుండదా టీచర్?" అన్నాడు అనిసే.
ఏం చెప్పను,
అక్టోబరులో మాకు పెండలం తీగ
కర్రను వాటేసుకుని పైకి పాకుతుంటే!

ఒక పటం కూడా ఉంది.
అట్టడుగున నాచు, దానిపైన ఫెర్న్,
మేడమీద పువ్వు.
నాచు పాపం ఒకటో తరగతి తప్పి
అక్కడే కూచున్నట్టు.
పొద్దున్నే చూశాను,
బడి నీళ్ళతొట్టి అంచున పచ్చగా నిగనిగలాడుతోంది,
ఏ పరీక్షా తప్పినట్టు లేదు.

పటం చుట్టేసి
సిల్వేర్ మామ పడవ దగ్గరికి పోయి
పాత మోకు అడిగి తెచ్చాను.

మొదలు నా చేతిలో.
పురి విప్పుకుంటూ పొమ్మన్నాను.
నాచు పేట కిటికీ దాకా పోయింది,
ఫెర్న్ పేట మెట్లు దిగింది,
స్తంభాల్లా నిలిచే మా పైన్ చెట్ల పేట
జెండా కర్ర దగ్గర ఆగింది.
పూల పేటకి మాత్రం తోపులాట.
కొబ్బరి నాది, మందారం నాది,
పెండలం మా తాతది, ముట్టుకోకు!

వాళ్ళింకా కొట్టుకుంటూనే ఉన్నారు,
ఆ పేటలోంచి అన్నిటికన్నా ముందు
ఒక్క పోగు విడిపోయి వేలాడింది.
సన్నది. ఎవరికీ అక్కర్లేదు.
క్లోతిల్డ్ పట్టుకుంది.
బళ్ళో చేరి ఏడాది,
హాజరు కూడా చెయ్యెత్తే చెబుతుంది.

ఆ పోగు పేరు చెప్పలేదు నేను.
చూపిస్తాను పదండి, అన్నాను.

రెండు గంటల ఎక్కుడు.
వాన వెలిసిన అడవి మెడమీద చుక్కలు రాలుస్తోంది.
ఎక్కడో కాగూ పిట్ట కుక్కలా మొరిగింది.
ఒక వంపు దగ్గర, నీడలో,
చెప్పకపోతే తోసుకుంటూ వెళ్ళిపోయే పొద.
అంచులు అలలు తిరిగిన ఆకులు.
బియ్యపు గింజకి రేకులు మొలిస్తే ఎంతో
అంత పువ్వు.
"ఇదేనా?"
పద్దెనిమిది నోళ్ళు, కాదు, పదిహేడు.

ఇదే. ఆంబొరెల్లా.
దీని కట్టెలో నీరెక్కడానికి వెడల్పు గొట్టాలుండవు,
ఇరుకు సందుల్లోంచి నిదానంగా తాగుతుంది.
మా దీవి దాటి మరే అడవిలోనూ లేదు.

"అయితే పూచే చెట్లన్నిటికీ ఇది అమ్మమ్మ!"
అనిసే ఎగిరాడు.
నిరుడు నేను నేర్పిన మాటే అది.
తప్పు మాట.
దిద్దుకోడానికి నోరు తెరిచేలోగా

"అమ్మమ్మ ఎప్పుడో పోయింది."

ఎవరి గొంతో ముందు పోల్చుకోలేకపోయాను.

"ఇది వేలు విడిచిన పెద్దమ్మ.
అందరికన్నా ముందు విడిచిన వేలు.
మనలాగే ఇదీ ఇవాళ్టిదే."

మోకు పోగు చూపుడువేలికి చుట్టుకుని ఉంది.
కొండంతా తెచ్చుకుంది.
అన్నాక మళ్ళీ నోరు మూసుకుంది,
దిగేటప్పుడు ఎంత కదిపినా పలకలేదు.

నెలాఖరున నూమియా నుంచి కాగితం:
పెట్టెలో సామాను లెక్క చూసి పంపగలరు.
చూశాను. ముప్పై అయిదు.
ఓక్ లేదు.

పెండలం మడి చివర దొరికింది,
కాడదాకా పాతి, చుట్టూ రాళ్ళు పేర్చి.
అనిసే రోజూ నీళ్ళు పోస్తున్నాడట,
అక్టోబరులో రాలుతుందో లేదో
చూద్దామని.

లెక్కలో రాశాను:
ఒకటి, వాడుకలో ఉంది.